కాపలావాని పేరు ఏ పుస్తకంలో ఉన్నది?

రాత్రి పన్నెండు దాటిన తరువాత వీధి చివర చేతికర్ర చప్పుడు, ఈల శబ్దం వినబడితే మనం పక్కకు ఒత్తిగిలి హాయిగా నిద్రపోతాము. ఆ కర్ర పట్టుకున్నది ఎవరు, అతనిని పంపినది ఎవరు, అతనికేమైనా జరిగితే దిక్కెవరు అని ఆలోచించే అలవాటు మనకు లేదు. మాకూ ఉండేది కాదు. ఒక రాత్రి జరిగిన సంగతి వల్ల ఆలోచించవలసి వచ్చినది. మన సంఘ కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ సంగతీ, తరువాత మేము తెలుసుకున్న చట్టం వివరాలూ వ్రాస్తున్నాము.

పూర్వం పల్లెలో కాపలా తలారి పని. ఇక్కడి కన్నడిగులు తళవార అంటారు. అతని తండ్రి, తాత ఎవరో ఊరందరికీ తెలుసు గనుక అతనిని కాగితం అడిగే పని లేదు. తుంగభద్ర కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు మనవారు కట్టుకున్న క్యాంపుల్లోనూ కళ్ళం దగ్గర పడుకునేవాడు తెలిసినవాడే. ఇప్పుడు రాయచూరు పెరిగినది. పత్తి మిల్లులు, రైసు మిల్లులు, బ్యాంకులు, కళ్యాణమంటపాలు, కొత్త కాలనీలు వచ్చినవి. కాపలా మనిషిని ఏజెన్సీ పంపుతున్నది. అతని ఊరేదో మనకు తెలియదు. ఊరు తెలిసిన రోజుల్లో నమ్మకం చేసిన పనిని ఇప్పుడు లైసెన్సు చేయవలసి ఉన్నది.

మా వాడలో పద్దెనిమిది ఇండ్లవారం కలిసి ఒక కాంట్రాక్టరు ద్వారా రాత్రి కాపలాకు మనిషిని పెట్టుకున్నాము. ఇంటింటి చందా వసూలు, లెక్కల పుస్తకం మా వంతు. కాంట్రాక్టరు ఒక లైసెన్సుకు అద్దాల పటం కట్టించి తెచ్చి చూపినాడు. గుండ్రటి ముద్ర, సంతకం అన్నీ ఉన్నవి. ఆఫీసులో కాగితాల మధ్యనే బ్రతికే మేము కూడా ముద్ర చూసి తృప్తి పడినామే గాని, అది దేనికిచ్చిన లైసెన్సో చదవలేదు.

వచ్చినవాడు అరవై ఏడేండ్ల వృద్ధుడు. ఖాకీ చొక్కా, కర్ర, ఈల. పిల్లలు "తాతా" అంటూ చుట్టూ చేరేవారు. ఒక వానరాత్రి నీళ్ళ సంపు దగ్గర చప్పుడైతే చూడబోయి మెట్టు జారి పడినాడు. తొడ ఎముక విరిగినది. తెల్లవారి కాంట్రాక్టరుకు కబురు చేస్తే, "ఆయన మా రిజిస్టరులో లేడు, ఇంకొకరికి బదులుగా వచ్చినాడు" అన్నాడు. ఏడు నెలలుగా రోజూ వస్తున్నవాడు బదులు మనిషి ఎట్లా అవుతాడు?

ఆస్పత్రి మంచం మీద ఆ పెద్దాయన మాతో, "సారూ, నా పేరు ఏ పుస్తకంలోనూ లేదంట. ఇన్ని రాత్రులు నేను యాడ ఉన్నట్టు?" అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోయినాము. ఇంటికి వచ్చి చందా పుస్తకం తీసి చూసినాము. ప్రతి నెలా "వాచ్‌మన్ 1" అని మా చేతివ్రాతే ఉన్నది. అందులోనూ పేరు లేదు.

ఆ రాత్రి లైసెన్సు నకలు తీసి చదివినాము. అది ఒక గదిలో వ్యాపారం పెట్టుకొనుటకు ఇచ్చే మామూలు లైసెన్సు. మనుష్యులను కాపలాకు పంపే వ్యాపారానికి అది చాలదు. పార్లమెంటు 2005లో ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసినది. 2006లో అది అమలులోకి వచ్చినది. దాని కింద కర్ణాటక ప్రభుత్వం 2008లో నియమాలు చేసినది. ఈ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నియంత్రణాధికారి. గడువు 5 ఏండ్లు. రుసుము ఒక్క జిల్లాకైతే 5,000 రూపాయలు, 5 జిల్లాల వరకు 10,000, రాష్ట్రమంతటికీ 25,000. లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేస్తే ఒక ఏడాది వరకు జైలు గాని, 25,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

సరిహద్దున ఉన్న మనం ఒక సంగతి గమనించవలె. శక్తినగరం దగ్గర కృష్ణ వంతెన దాటితే తెలంగాణ, తుంగభద్ర దాటి మంత్రాలయం వెళితే ఆంధ్రప్రదేశ్. లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. అక్కడి కాగితం చూపి ఇక్కడ మనుష్యులను పెట్టుట కుదరదు. అయితే ఒక కుటుంబం తనంతట తాను ఇంటికి మనిషిని పెట్టుకుంటే అది ఏజెన్సీ వ్యాపారం కాదు. కాపలావారిని సరఫరా చేయుటే వృత్తిగా పెట్టుకున్నవారికే ఈ లైసెన్సు.

ఈ చట్టం మన సొత్తు కోసమే అని మొదట మేము అనుకున్నాము. చదివినకొద్దీ సగం కాపలావాని కోసమే అని తెలిసినది. ఏజెన్సీ తన వద్ద పనిచేసే ప్రతి కాపలావాని పేరు, చిరునామా, ఫొటో, జీతం రిజిస్టరులో వ్రాసి ఉంచవలె. ప్రతి ఒక్కరికి ఫొటోతో గుర్తింపు కార్డు ఇవ్వవలె. శిక్షణ ఇప్పించవలె. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నియమాలలో 100 గంటల పాఠాలు, 60 గంటల అభ్యాసం, మొత్తం కనీసం 20 పనిదినాలుగా నిర్ణయించినారు. సైన్యంలో, పోలీసులో పనిచేసి వచ్చినవారికి తక్కువ. సైన్యం, పోలీసు యూనిఫారాన్ని పోలిన దుస్తులు వేసుకొనుట కూడా నేరమే, వేసుకున్నవానికీ, యజమానికీ శిక్ష ఉన్నది. తుపాకి పట్టవలెనంటే ఆయుధాల చట్టం కింద లైసెన్సు వేరే ఉండవలె.

ఇంగ్లండులో 2001లో చేసిన చట్టం మరొక దారి పట్టినది. అక్కడ కాపలావానికే స్వయంగా లైసెన్సు ఇస్తారు. అది పైకి కనబడేట్లు పెట్టుకొని తిరుగుతాడు. యజమాని మారినా కాగితం అతనిదే. మన దేశంలో లైసెన్సు ఏజెన్సీది. కాబట్టి ఏజెన్సీ దొంగదైతే కాపలావాడు చట్టం కంటికే కనబడడు. మా వాడలో జరిగినది అదే.

ఇందులో మనసును పీడించే సంగతి ఒకటి కలదు. చట్టం ప్రకారం కాపలావానికి 18 ఏండ్లు నిండి, 65 దాటకుండా ఉండవలె. ఆ లెక్కన మా పెద్దాయన ఆ పనికి తగడు. అన్నీ సరిగా జరిగి ఉంటే అతనికి ఆ కూలి కూడా దొరికేది కాదు గదా అని మా ఇంట్లోవారే అడిగినారు. నిజమే. కాని అరవై ఏడేండ్ల మనిషిని ఆ కాంట్రాక్టరు తెచ్చినది దయతో కాదు, చౌకగా వస్తాడని. మేము ఒప్పుకున్నది కూడా చందా తగ్గుతుందనే. ఇండ్లవారం తలా కొంత వేసుకొని వైద్యం చేయించినాము. అది ధర్మమే గాని హక్కు కాదు. ధర్మం రెండు నెలలకు అలసిపోయినది.

కనుక మనవారికి మా మనవి. ఇంటికి గాని, దుకాణానికి గాని, సంఘం వేడుకకు గాని ఏజెన్సీ మనిషిని పెట్టుకునేటప్పుడు ముందు లైసెన్సు చదవండి. 2005 చట్టం పేరు, మన జిల్లా, గడువు తేదీ అందులో ఉన్నవా చూడండి. వచ్చిన మనిషి కార్డు చూడండి. చేతికి ఎంత ముట్టుతున్నదో అతనినే అడగండి. ఇ.ఎస్.ఐ., ప్రావిడెంటు ఫండు వర్తించే చోట కడుతున్నారా అని ఏజెన్సీని అడగండి. అతనికి తెలుగు తప్ప రాకపోతే కార్డు మీద ఏమున్నదో చదివి చెప్పండి.

మేము ఇప్పుడు లైసెన్సు ఉన్న ఏజెన్సీనే పెట్టుకున్నాము. చందా పెరిగినది. రెండిండ్లవారు మానుకున్నారు. పెద్దాయన కర్ర ఊతతో నడుస్తున్నాడు గాని పనికి పోలేడు. చందా పుస్తకంలో మాత్రం ఇప్పుడు "వాచ్‌మన్ 1" అని వ్రాయుట లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాస్తున్నాము.