పాట ఫోన్‌లో ఉంది, నోట్లో లేదు | భద్రాచలం అడవి అంచున రెండు కథలు

ఈ రోజు టాపిక్ భక్తి, పాట, ఇల్లు. ముందు నా సంగతి చెప్తాను.

నా ఫోన్‌లో ఒక ఆడియో ఫైల్ ఉంది. 2 నిమిషాల 40 సెకన్లు. మా నానమ్మ పాడిన జోలపాట. మా అక్క కూతురు పుట్టినప్పుడు రికార్డ్ చేశాను. నానమ్మ ఇప్పుడు లేదు. పోయిన నెల పాప నిద్రపోకుండా ఏడుస్తుంటే, "నానమ్మ పాట పాడరా" అంది అక్క. నాకు మొదటి లైన్ దాటి రాలేదు. సరే అని ఫోన్ తీసి ప్లే చేశాను. పాప పడుకోలేదు సరికదా, ఆ ఫోన్ నాకివ్వు అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి. బ్యాకప్ తీసుకుంటే ఇంక ఏదీ పోదు అనుకునే బ్యాచ్ మాది. ఆ రాత్రి తెలిసింది, పాటని దాచుకోవడం వేరు, పాట రావడం వేరు అని. ఈ తేడా అర్థం కావాలంటే మన ఖమ్మం, భద్రాచలం వైపే రెండు కథలున్నాయి.

మొదటిది మీకు తెలిసిందే. రామదాసు. అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి, ఖమ్మానికి దగ్గరే. 17వ శతాబ్దం మాట. గోల్కొండని అబుల్ హసన్ కుతుబ్ షా, అదే మన తానీషా, ఏలుతున్న రోజులు. గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్న ఆయన దగ్గర పెద్ద పదవుల్లో ఉన్నారు. గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దార్. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడని, అందుకే గోల్కొండ కోటలో ఖైదు చేశారని చెప్తారు. 12 ఏళ్ళు అంటారు. ఇప్పటికీ కోటకి వెళ్తే రామదాసు బందిఖానా అని చూపిస్తారు.

ఆయన కీర్తనల్లో ఒకటి వింటే నాకు ఆఫీసులో పెట్టే ఖర్చుల షీట్ గుర్తొస్తుంది. సీతమ్మకి ఏ నగ చేయించాడు, లక్ష్మణుడికి ఏది, భరతుడికి ఏది, అన్నీ లెక్క చెప్తాడు. ఇంత చేస్తే నువ్వు కులుకుతున్నావా అని రాముణ్ణే నిలదీస్తాడు. కోపం దిగాక, బాధ కొద్దీ అన్నాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలతాడు. అచ్చం ఇంట్లో మనిషితో పోట్లాడినట్టే ఉంటుంది. దేవుడితో ఇలా కూడా మాట్లాడొచ్చా అనిపిస్తుంది.

ఈ పాటలు ఇన్నేళ్ళు ఎలా నిలిచాయి? 1964లో నాగయ్య గారి సినిమా వచ్చింది, 2006లో నాగార్జున సినిమా వచ్చింది, మధ్యలో బాలమురళీకృష్ణ గారి గొంతు. అన్నీ నిజమే. కానీ అవన్నీ నిన్న మొన్నటివి. అంతకుముందు 200 ఏళ్ళకు పైగా వీటిని మోసింది ఇళ్ళు, భజన మందిరాలు. మాటలు మనం మాట్లాడుకునేవే. ఒకరు అంటే పదిమంది అందుకోవచ్చు. పిల్లని పడుకోబెట్టడానికి, హారతి ఇవ్వడానికి, భజనకి, దేనికి ఆ పాట రామదాసు పేరు మీద ఉంది. ఎక్కడో తమిళనాడు తిరువయ్యూరులో ఉన్న త్యాగరాజు కూడా రామదాసుని తలుచుకున్నాడంటే ఎన్ని నోళ్ళు దాటి వెళ్ళిందో చూడండి.

ఇప్పుడు రెండో కథ. ఆ గుడి స్థలపురాణం మొదలయ్యేదే పోకల దమ్మక్కతో. కొండ మీద విగ్రహాలు ముందు ఆమెకే కనిపించాయని, తాటాకు పందిరి వేసి పూజ చేసిందని చెప్తారు. ఆమెని అడవి బిడ్డ అంటారు, కోయ ఆడపడుచు అంటారు. మరి ఆ కోయల సొంత పాటల సంగతేంటి?

గోదావరికి ఇవతల మణుగూరు ఉంది, బొగ్గు గనుల ఊరు. ఆ మండలంలో కూనవరం. అక్కడి మనిషి సకిని రామచంద్రయ్య గారు, కోయ డోలి కళాకారుడు. కంచుమేళం, కంచుతాళం మోగుతుంటే సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు.

డోలీలంటే ఎవరు? కోయల వంశచరిత్రని నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు. కోయల్లో గట్టులుంటాయి, మూడో గట్టు, నాలుగో గట్టు ఇలా. ఏ గట్టు కథ ఆ గట్టుదే. పడిగె అని ఒక జెండా గుడ్డ ఉంటుంది, దాని మీద ఆ వంశం పెద్దల, దేవతల బొమ్మలు. కొలుపులకి, జాతరలకి డోలి వచ్చి ఆ పడిగె ముందు కథ పాడతాడు. అంటే అది ఒక్కసారే చరిత్ర, పూజ, సంగీతం, బొమ్మల కళ. అన్నిటికీ మించి ఆ కుటుంబానికి బతుకుదెరువు.

తేడా అక్కడే ఉంది. రామదాసు పాట ఎవరైనా పాడొచ్చు. డోలి పాట అలా కాదు. కొన్ని కుటుంబాలే పాడతాయి, తండ్రి దగ్గర కొడుకు ఏళ్ళ తరబడి కూర్చుని నేర్చుకోవాలి. జయధీర్ తిరుమలరావు గారి లాంటి పరిశోధకులు కష్టపడి ఆ కథల్ని సేకరించారు. అది చాలా గొప్ప పని. కానీ రికార్డింగ్‌కి పడిగె ముందు నిలబడటం రాదు. పిలిచేవాళ్ళు తగ్గి, చేతిలో పెట్టేది తగ్గితే, కొడుకు కూలికో గనికో వెళ్తాడు. అతన్ని మనం తప్పు పట్టగలమా? అవార్డు ఒక మనిషికి వస్తుంది, పాటకి మాత్రం ఏడాది పొడుగునా పిలుపు కావాలి.

మరి మనం ఏం చేయొచ్చు? మీరు కోయ కుటుంబం నుంచి అయితే, ఇంట్లో కొలుపు ఉన్నప్పుడు డీజేకి పెట్టే డబ్బులో కొంత డోలికి పెట్టండి, మర్యాదగా పిలవండి. మీరు బయటివాళ్ళైతే, అడగకుండా రికార్డ్ చేయకండి, ముక్క కోసి రీల్‌కి బ్యాక్‌గ్రౌండ్‌గా వేయకండి. అది ఒక వంశం దేవుడి కథ. ఇక అందరం చేయగలిగేది, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక్క పాట నేర్చుకోవడం. గుడి భజన అయినా, చర్చి పాట అయినా, దర్గా దగ్గర ఖవ్వాలీ అయినా లెక్క ఒకటే. రికార్డ్ చేయండి, కానీ నేర్చుకోవడానికి చేయండి.

నేను నానమ్మ పాట మొదలుపెట్టాను. రెండు చరణాలు వచ్చాయి. రెండోదాంట్లో ఒక మాట రికార్డింగ్‌లో సరిగ్గా వినపడట్లేదు, నాకు తోచింది పాడేస్తున్నా. పాప ఇప్పుడు అదే కరెక్ట్ అనుకుని పాడుతోంది. నానమ్మ ఉంటే తిట్టి సరిచేసేది. మీ ఇంట్లో అలా తిట్టి సరిచేసే మనిషి ఇంకా ఉంటే, ఈ వీడియో ఆపేసి వెళ్ళి పక్కన కూర్చోండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.