కవాటానికి కాస్త ఎడం

విశాఖపట్నంలో సింహాచలం కొండ ఎక్కేటప్పుడు పాత అంబాసడరు కారు ఆయాసపడితే, దాని కవాటాలను కూడా పరీక్షించాలి. 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో ఇవి ఎనిమిది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే, ఒక్కొక్క కవాటం సెకనుకు 25 సార్లు తెరుచుకొంటుంది.

వేడికి కవాటపు కాడ సాగుతుంది. అందుచేత కాడకూ, దానిని నొక్కే రాకరుకూ మధ్య అర మిల్లీమీటరుకన్న తక్కువ ఎడం ఉంచుతారు. ఎడం ఎక్కువైతే టకటక చప్పుడు వస్తుంది. అసలే లేకపోతే చప్పుడుండదు. కాని కవాటం పీఠంపై పూర్తిగా ఆనదు. వాయువులు సందుగుండా పోయి బలం తగ్గుతుంది. వేడి పీఠానికి చేరక కవాటపు అంచు కాలిపోతుంది.

సవరించడానికి సులభసూత్రమున్నది: ఒకటవ కవాటం పూర్తిగా తెరుచుకొన్నప్పుడు ఎనిమిదవదానిని, రెండవది తెరుచుకొన్నప్పుడు ఏడవదానిని సవరించాలి. మొత్తం ఎప్పుడూ తొమ్మిదే. చప్పుడు లేదని మాత్రం ఈ పరీక్ష మానరాదు.