సీమంత శుభలేఖ – పదాల ఎంపిక

జీవితంలోని ముఖ్య ఘట్టాలను బంధుమిత్రులతో పంచుకోవడం మన సంప్రదాయం. వివాహం, గృహప్రవేశం వలెనే సీమంతానికి కూడా నేడు ఆహ్వానపత్రికలు పంపుతున్నారు. పెండ్లిపత్రికకు తరతరాలుగా స్థిరపడిన వాక్యాలు ఉన్నాయి. సీమంతానికి అవి అంతగా లేవు. ఒకప్పుడు ఇంటి ఆడవారే పసుపుకుంకుమలతో గడపగడపకూ వెళ్ళి నోటితో పిలిచేవారు. కనుక నేడు పత్రిక రాసేవారు మాటలను తామే ఎంచుకోవాలి. ఆ ఎంపికలో గమనించవలసిన విషయాలను తెలుసుకొందాం.

పదం – అర్థం

సీమంతం అంటే పాపట. ఉన్నయనం అంటే పైకి తీయడం. సీమంతోన్నయనం షోడశ సంస్కారాలలో ఒకటి. తొలిచూలులో నాలుగవ నెలలో దీనిని చేయాలని ఆపస్తంబ గృహ్యసూత్రం చెబుతుంది. మూడు తెల్లచారలు గల ఏదుపంది ముల్లుతో, దర్భలతో, మేడికాయల గుత్తితో భర్త భార్య పాపటను తీర్చడం ఇందులోని ప్రధాన క్రియ. కాలక్రమంలో గాజులు తొడగడం, పూలు ముడవడం, గర్భిణి కోరిన పిండివంటలు పెట్టడం ముఖ్యమైనాయి. ఇప్పుడు ఐదు, ఏడు, తొమ్మిది నెలలలో వీలునుబట్టి జరుపుకొంటున్నారు.

వాడుకలో దీనిని 'శ్రీమంతం' అని కూడా అంటారు. శ్రీమంతుడు అంటే సంపద గలవాడు. పాపటకు ఆ అర్థంతో సంబంధం లేదు. మాటలలో 'శ్రీమంతం' అన్నవారిని ఆక్షేపించనవసరం లేదు కాని, పత్రికలో 'సీమంతం' అని రాయడమే సరి.

మూడు ఊళ్ళు – మూడు భాషలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి దిక్కున ఉన్న ఊళ్ళు. మొదటి రెండూ కన్నడసీమకు చేరువలో ఉన్నాయి. కుప్పానికి కర్ణాటక, తమిళనాడు రెండూ పొరుగులే. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో విశ్వవిద్యాలయం వెలసింది ఇక్కడే. ఈ ప్రాంతంలో వియ్యాలు ఎల్లలు దాటుతాయి. తమిళులు ఈ వేడుకను 'వళైకాప్పు' అంటారు. వళై అంటే గాజు, కాప్పు అంటే రక్ష. కన్నడిగులు 'సీమంత' అంటారు. అత్తవారు పొరుగు భాషవారైనప్పుడు పత్రికను రెండు భాషలలోనూ అచ్చువేయించడం మర్యాద. అప్పుడు మాటకు మాట పెట్టక, ఆ భాషలో వాడుక ఉన్న పేరునే వాడాలి. 1919లో రవీంద్రనాథ ఠాగూర్ మదనపల్లెలోనే 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. భాష మారినా భావం నిలవాలన్నది చిన్న పత్రికకూ వర్తించే నియమమే.

నమూనా

శుభమస్తు

శ్రీయుతులు ……… గారికి,

మా కుమార్తె సౌభాగ్యవతి ……… (చిరంజీవి ……… ధర్మపత్ని) సీమంత వేడుక ……… తేదీ ……… వారం ఉదయం ……… గంటలకు కుప్పంలోని మా స్వగృహంలో జరుగుతుంది. తాము సకుటుంబంగా విచ్చేసి, మా అమ్మాయినీ, పుట్టబోయే బిడ్డనూ ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించ ప్రార్థన.

ఇట్లు: ……… (తల్లిదండ్రులు)
మీ రాకను కోరువారు: ……… (అత్తమామలు)

ఇందులో 'మా కుమార్తె' అన్న మాట తల్లిదండ్రులకే చెల్లుతుంది. అందుచేత అత్తమామల పేర్లు 'ఇట్లు' కింద కాక, వేరుగా ఉన్నాయి. అత్తవారింట వేడుక జరిగితే 'మా కోడలు' అని మార్చి, పేర్ల స్థానాలను కూడా మార్చాలి.

మాటల మర్యాద

కొన్ని పత్రికలలో 'వంశోద్ధారకునికి స్వాగతం' అన్న వాక్యం కనిపిస్తుంది. పుట్టబోయేది ఆడపిల్ల అయితే ఆ పత్రిక ఆమెను స్వాగతించనట్లే. గర్భస్థ శిశువు లింగాన్ని వెల్లడించడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. తెలియని విషయాన్ని కోరికగానైనా అచ్చువేయడం తగదు. 'బిడ్డ' అన్న తెలుగు మాట ఇద్దరికీ సరిపోతుంది.

'ముత్తైదువులు విచ్చేయగలరు' అన్న వాక్యం కూడా ఆలోచించదగినదే. తండ్రి గతించిన ఒక గర్భిణిని ఊహించండి. కూతురికి ఇష్టమైనవన్నీ వండి తెచ్చేది తల్లి. పురుటికి తీసుకువెళ్ళి కంటికి రెప్పలా కాచేదీ ఆమే. ఆ వాక్యం ఉన్న పత్రికలో ఆ తల్లికి చోటు లేదు. పిలిచే వారిలో ఆమె పేరు ఉండదు, పిలువబడే వారిలోనూ ఆమె ఉండదు. దానికి బదులు 'బంధుమిత్రులందరూ' అని రాస్తే శుభానికి లోటు రాదు, ఒక మనసు నొచ్చుకోదు. ఆమె పేరును 'ఇట్లు' కింద మొదట రాయడం మరింత సముచితం.

పత్రికలో వాక్యాలు నాలుగే కావచ్చు. ఆ వేడుకలో ఎవరు మనవారో, ఎవరు కారో ఆ నాలుగు వాక్యాలే చెబుతాయి. కనుక వాటిని అలంకారం కోసం గాక, ఆదరం కోసం రాయాలి.

ప్రశ్నలు

1. 'సీమంతం', 'శ్రీమంతం' పదాలకు గల అర్థభేదాన్ని వివరించండి.
2. సరిహద్దు ప్రాంతాలలో ఆహ్వానపత్రిక రాసేటప్పుడు పాటించవలసిన నియమం ఏది?
3. అత్తవారింట జరిగే సీమంతానికి తగినట్లు పై నమూనాను మార్చి రాయండి.