చలికొండల షిబా, ఉప్పుగాలి రాయపురం

పుట్టిన కొత్తలో జపాను జాతి షిబా కుక్కపిల్ల మూతి నల్లగా ఉంటుంది, చెవులు వాలి ఉంటాయి, ఒళ్లంతా మెత్తటి నూగు. వారాలు గడిచేకొద్దీ చెవులు లేచి ముక్కోణాల్లా నిలబడతాయి. మూతి నలుపు వెలిసిపోయి బుగ్గల మీద, రొమ్ము మీద, పొట్ట కింద మీగడ రంగు తేలుతుంది. తోక వెన్ను మీదికి చుట్ట చుట్టుకుంటుంది. నూగులోంచి గరుకైన ఎర్ర వెంట్రుకలు పైకొస్తాయి. ఎదిగిన షిబా వెన్ను మీద ఆ వెంట్రుకలను రెండు వేళ్లతో విడదీసి చూస్తే, అడుగున చర్మం కనపడనంత ఒత్తుగా ఇంకో పొర ఉంటుంది. పై పొర వానను ఆపుతుంది, లోపలి పొర చలిని ఆపుతుంది. జపాను కొండల శీతాకాలం మొత్తం ఆ బొచ్చులో రాసి ఉంది.

మగ కుక్క 40 సెంటీమీటర్ల ఎత్తు, 10 కిలోల బరువు, అంతే. ఆ చిన్న ఒళ్లే దానికి బలం. పొదల్లో దూరి పిట్టల్నీ చిన్న జంతువుల్నీ లేపడం దాని పని. పొదలోకి దూరాక వేటగాడు కనపడడు, అతని మాట వినపడదు. ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో కుక్కే తేల్చుకోవాలి. అలా తరతరాలుగా ఒంటరిగా తేల్చుకున్న బుర్ర అది. అందుకే ఇవాళ మీ హాల్లో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూస్తుంది, రావాలో వద్దో ఆలోచిస్తుంది, ఆ తర్వాతే కదులుతుంది. దాన్ని మొండితనం అనడం అన్యాయం. పిల్లి మాదిరే పాదాలు నాక్కుని శుభ్రంగా ఉంచుకుంటుంది. పడుకునే చోట పాడు చేయడానికి ఇష్టపడదు. గోళ్లు కత్తిరించబోతే మాత్రం మనిషి కేకలాంటి అరుపుతో వీధి వీధంతా లేపుతుంది.

2004లో 85 జాతుల కుక్కల జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, తోడేలుకు బాగా దగ్గరగా తేలిన కొద్ది జాతుల్లో షిబాను చేర్చారు. అంత పాత జాతీ ఒక దశలో అంతరించే అంచుకు వచ్చింది. విదేశీ జాతుల మోజులో నాటు కుక్కలు కలగలిసిపోతుంటే, 1928లో జపానులో కొందరు వాటిని కాపాడేందుకు సంఘం పెట్టుకున్నారు. కొండ పల్లెలు తిరిగి మిగిలినవాటిని వెతికారు. 1936లో ప్రభుత్వం షిబాను జాతీయ ప్రకృతి సంపదగా ప్రకటించింది. తర్వాత ప్రపంచయుద్ధం, దాని వెనకే డిస్టెంపర్ జబ్బు వచ్చి మళ్లీ తుడిచిపెట్టినంత పనిచేశాయి. మూడు ప్రాంతాల్లో మిగిలిన కుక్కల నుంచి జాతిని తిరిగి నిలబెట్టారు. షిమానే ప్రాంతపు కొండల్లో పుట్టిన ఇషి అనే మగ కుక్క రక్తం నేటి షిబాల్లో చాలావాటిలో పారుతోంది.

ఇప్పుడు ఆ పిల్ల చెన్నైలోని రాయపురం వచ్చిందనుకోండి. రాకపోకలకు అలవాటుపడ్డ పేట ఇది. 1856లో దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు ఇక్కడి స్టేషను నుంచే కదిలింది, ఆ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. పక్కనే కాశిమేడు రేవు. తెల్లవారకముందే పడవలు ఒడ్డుకు చేరతాయి, చేపల వేలం కేకలు మొదలవుతాయి. మేడ మీది వాటాలో నిద్ర లేచిన కుక్కపిల్ల ముక్కుకు అదో లోకం. ఐసుపెట్టెల చెమ్మ, ఎండు చేప, డీజిల్, వల తాళ్లకు పట్టిన ఉప్పు, అన్నీ విడివిడిగా అందుతాయి.

కష్టం ముక్కుకు కాదు, ఒంటికి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగరుస్తూ, నోటి తడిని ఆవిరి చేసి ఒంటి వేడి దించుకుంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం దాటాక సముద్రం మీది గాలి తిరిగితే మనకు ప్రాణం లేచొస్తుంది. ఆ గాలి చల్లదనంతోపాటు తేమనూ మోసుకొస్తుంది. తేమ నిండిన గాలిలో నోటి తడి తొందరగా ఆరదు. ఎంత వగర్చినా వేడి దిగదు. పొట్ట చల్లటి గచ్చుకు ఆనించి, నాలుగు కాళ్లూ చాపి పడుకున్న షిబా ఆ సంగతే చెబుతోంది. పాపమని బొచ్చు గొరిగించకూడదు, ఎండను అడ్డేదీ అదే. నడక తెల్లవారుజామున, మళ్లీ బాగా పొద్దుపోయాక. మధ్యాహ్నం ఫ్యానో ఏసీనో తప్పదు. తాడు విప్పి వదలకూడదు. వాసన వెంట పడ్డ షిబాకు ఆటోలు కనపడవు, మన పిలుపు వినపడదు.

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల చూసిందే దాని లోకం. కొత్త మనుషులు, టపాకాయల మోత, మెట్లు, ఇతర కుక్కలు, అన్నీ ఆ గడువులోనే నెమ్మదిగా పరిచయం కావాలి. టీకాల వరుస పూర్తయ్యేదాకా వీధి నేల మీద దింపకుండా ఎత్తుకుని తిప్పాలి. రాయపురానికి దగ్గర్లోనే, వేపేరిలో, 1903లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. తల్లిని చూపించని వాళ్ల దగ్గర పిల్లను కొనకూడదు. ఇంటర్నెట్టులో ప్రపంచమంతా నవ్వుతూ పంచుకున్న షిబా కబోసు, మూతపడ్డ కుక్కపిల్లల వ్యాపారశాల వదిలేసిన కుక్క. 2008లో ఒక ఉపాధ్యాయిని చేరదీసింది కనుక 2024 మే 24 దాకా ప్రేమగా బతికింది.

ఇంత చెప్పాక మన నేల సంగతి చెప్పకుండా ఉండలేను. కోస్తాంధ్రలో, కొల్లేరు చుట్టుపక్కల, జోనంగి అనే కుక్క ఉంది. ఒంటికి అంటుకున్న పొట్టి నున్నటి బొచ్చు, నుదుట ముడతలు, వంపు తిరిగిన తోక. మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు కూస్తుంది. నేల తవ్వి గుంత చేసుకుని అందులో పడుకుంటుంది. రైతుల బాతుల మందలు కాసింది. పొలాలు చేపల చెరువులయ్యాక పని పోయింది, ఆదరణ పోయింది, సంఖ్య తరిగిపోయింది. సొంత బుర్ర, సొంత గొంతు షిబాకున్నట్టే దీనికీ ఉన్నాయి. తేడా ఒంటి మీది బొచ్చులో ఉంది. దాన్ని చలికొండ నేసింది, దీన్ని ఉక్కపోత నేసింది.

షిబా నాకు ఎంతో ఇష్టమైన జీవి. ఏసీ ఖర్చు, ఓపిక, పదిహేనేళ్ల తోడు ఇవ్వగలిగిన ఇంటికి అది రావచ్చు. రాయపురం తెలుగిళ్లలో ఎవరైనా సలహా అడిగితే మాత్రం, ముందు జోనంగి కోసం వెతకమంటాను. తమిళనాడు ప్రభుత్వం ఒకప్పుడు రాజపాళయం లాంటి నాటు జాతుల పెంపకానికి సైదాపేటలో ఒక కేంద్రమే నడిపింది. జపాను వాళ్లు కొండలన్నీ గాలించి తమ కుక్కను ఇంటికి తెచ్చుకున్నారు కాబట్టే ఇవాళ మనం దాని పిల్లను కోరుకోగలుగుతున్నాం. జోనంగికీ అలా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కావాలి. అది మాట్లాడే భాష మనకు కొత్తేమీ కాదు, అది ఓర్చుకునే ఎండ మనదే.