బండికి లేని జరిమానా ట్రాక్టరుకెందుకు?

 

మన నల్లగొండ జిల్లా పల్లెల్లో పొద్దుగూకే వేళ కల్లు మండువ కాడ నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటున్నది. "సారూ! మా తాత కల్లు తాగి బండిలో పండుకుంటే ఎడ్లే ఇల్లు చేర్చేవి. ఆయన్ను ఎవరూ పట్టుకోలేదు. నేను ట్రాక్టరు నడిపితే కేసెందుకు?" అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్పుకుందాము.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా మోటారు వాహనం నడపడం నేరము. మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూను. ట్రాక్టరు మోటారు వాహనమే. "నేను హైవే ఎక్కలేదు, డొంకబాటనే పోతున్న" అంటే చెల్లదు.

మరి ఎడ్లబండి? దానికి ఇంజను లేదు గనుక ఈ సెక్షను వర్తించదు. అంతమాత్రాన అడ్డూ అదుపూ లేదనుకోరాదు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత, 281వ సెక్షను ప్రకారం, బాటమీద ఏ వాహనాన్నైనా ప్రాణాపాయం కలిగేటట్లు తోలితే శిక్ష ఉన్నది. ఇంగ్లండులోనైతే 1872 నాటి చట్టం, తాగి బాటమీద గుర్రాన్ని గాని, పశువులను గాని తోలడమే నేరమన్నది.

బండివానికి ఊపిరి పరీక్ష అక్కరలేదని నా అభిప్రాయము. ఎద్దు దారి ఎరుగును, గుంత చూస్తే ఆగును. ట్రాక్టరుకు నడిపేవాని కండ్లే కండ్లు. 2018 జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ వద్ద కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అది తాగుడువల్ల అని నేననడం లేదు. కాలువ కట్టమీద చక్రం తప్పితే ఏమవుతుందో గుర్తు చేస్తున్నాను. ట్రాలీలో కూర్చున్న ఆడకూలీల చేతిలో స్టీరింగు లేదు గదా!

అయితే ఎద్దుకు ఇంటిదారి తెలుసు గాని, వెనుకనుంచి వచ్చే లారీ వేగం తెలియదు. కనుక విజయవాడ హైవే మీద రాత్రిపూట తాగి బండి తోలకండి. పగ్గాలు ఇంకొకరికివ్వండి. బండి వెనుక రేడియం స్టిక్కరు అంటించండి.

చివరగా ఆసాములకు ఒక మాట. దున్నకం కాగానే డ్రైవరుకు కల్లు పోయించే అలవాటు మీకుంటే, ముందు ట్రాక్టరు ఇల్లు చేరనివ్వండి, తాళంచెవి మీ చేతికి రానివ్వండి. ఆ తరువాతనే ముంత అందించండి.