రెండు కళ్లు... ఒక్క చూపు!

ఉయ్యాలకు కట్టిన గిలక్కాయను చూసి కాళ్లూచేతులూ ఆడించే పాపాయి, కొన్ని నెలలకు గురిచూసి మరీ దాన్ని అందుకుంటుంది. ఆ కాస్త పనికే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అందుకోసం బుజ్జి మెదడు ఎంత సాధన చేసిందో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతారు!

అప్పుడే పుట్టిన బిడ్డకు అడుగు దూరంలోపు ఉన్నవే కాస్త తెలుస్తాయి. పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేది అక్కడే. అప్పటికింకా రెండు కళ్లకీ పొత్తు కుదరదు. ఒకటి ఇటు చూస్తుంటే రెండోది అటు జారిపోతుంటుంది. మొదటి రెండు మూడు నెలలూ అప్పుడప్పుడు అలా కావడం మామూలే.

పెద్దవాళ్ల కళ్ల మధ్య దూరం దాదాపు 6 సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువు ఒక్కో కంటికి కాస్త తేడాగా కనిపిస్తుంది. మెదడు ఆ రెండు బొమ్మల్నీ ఒకటిగా కలిపేస్తుంది. వాటి మధ్య తేడాని బట్టి ఏది దగ్గరో, ఏది దూరమో లెక్కగడుతుంది. ఈ విద్య సాధారణంగా 3-5 నెలల మధ్య పట్టుబడుతుంది. దాని విలువ తెలియాలంటే ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి!

అమ్మ పిలిచినా...

పాకే వయసుకు పిల్లలకు లోతు తెలుస్తుందా? అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలియనార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ దీన్ని పరీక్షించి, 1960లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తయిన బల్లమీద మందపాటి గాజు పరిచారు. ఒకవైపు గాజుకు ఆనుకునే గళ్ల డిజైను, రెండోవైపు అదే డిజైను కింద నేలమీద... చూడ్డానికి అచ్చం లోయే! 6-14 నెలల పిల్లలు 36 మందిని ఒక్కొక్కరిగా మధ్యలో ఉంచి, తల్లుల్ని పిలవమన్నారు. 27 మంది కదిలారు. వాళ్లంతా గట్టువైపు పాకారు. లోయవైపు వెళ్లింది ముగ్గురే. కొందరైతే అమ్మ దగ్గరికి పోలేక ఏడ్చేశారు. లోతు తెలియడానికి రెండు కళ్ల చూపుతో పాటు నీడలూ, తల కదిలినప్పుడు వచ్చే తేడాలూ సాయపడతాయి.

అదృష్టం కాదు!

మెల్లకన్ను అదృష్టమనో, పెద్దయితే అదే సర్దుకుంటుందనో కొందరు ఊరుకుంటారు. నష్టం అక్కడే మొదలవుతుంది. కళ్లు రెండూ చెరో దిక్కు చూస్తుంటే మెదడు రెండు బొమ్మల్ని కలపలేదు. దాంతో ఒకదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. క్రమంగా ఆ కంటి చూపు మందగిస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు.

హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకు పుట్టిన కొత్తలో ఒక కన్ను మూసి ఉంచారు. కొన్ని వారాల తర్వాత తెరిచినా, మెదడులోని కణాలు ఆ కంటికి దాదాపు స్పందించలేదు. పసితనంలో చూపు ఎంత ముఖ్యమో నిరూపించిన ఈ ఇద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది.

ముక్కుదూలం వెడల్పుగా ఉన్న పసివాళ్లకు మెల్ల లేకున్నా ఉన్నట్టు కనిపిస్తుంది. అది వయసుతో పోతుంది. అయితే ఏది ఏమిటో తేల్చాల్సింది డాక్టరే. నాలుగో నెల దాటాక కూడా కన్ను పక్కకు జారుతున్నా, ఏ వయసులోనైనా ఎప్పుడూ ఒకే దిక్కున నిలిచిపోయినా చూపించాలి. కనుపాప తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

కళ్లద్దాలు, బాగా ఉన్న కంటికి కొన్ని గంటలపాటు ప్యాచ్, అవసరమైతే ఆపరేషన్... చికిత్సలున్నాయి. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే మేలు. ఎంత ముందైతే అంత మంచిది!