ఒంటరి పడవ పందెంలో శరీర బరువు



మీలో బస్తర్ వాసులు చిత్రకోట జలపాతం దిగువన ఇంద్రావతిలో పడవ ఎక్కే ఉంటారు. అందరూ ఒక వైపుకు జరిగితే పడవ ఆ వైపుకు ఒరుగుతుంది. పడవవాడు వెంటనే "సమంగా కూర్చోండి" అని కేక వేస్తాడు. అక్కడ ప్రమాదమయ్యే ఈ ఒరుగుడే తెరచాప పడవల పందెంలో ఆటకు కీలకం. ఆ పందెం చూడాలంటే హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌కు వెళ్ళాలి. అక్కడ ఎన్నో ఏళ్లుగా వానాకాలపు గాలుల్లో లేజర్ తరగతి పోటీలు జరుగుతున్నాయి.

లేజర్‌ను ఇప్పుడు ఇల్కా అంటున్నారు. ఇది ఒక్కరే నడిపే చిన్న పడవ. పొడవు 4.23 మీటర్లు, పెద్ద తెరచాప వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. చుక్కాని ఒక చేత, తెరచాప తాడు మరో చేత పట్టుకోవాలి. గాలి తెరచాపను తోస్తే పడవ ఒరుగుతుంది. నావికుడు పాదాలను పట్టీలలో దూర్చి, గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని, నడుము పైభాగాన్ని నీటి మీదికి వెనక్కి వాలుస్తాడు. ఇది తూగుడుబల్ల సూత్రమే: బరువును దూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది.

చిన్న లెక్క చూద్దాం. 80 కిలోల మనిషి బరువు పడవ మధ్యగీతకు 1 మీటరు దూరంలో పనిచేస్తోందనుకోండి. అదే దూరంలో 100 కిలోల మనిషి ఉంటే భ్రామకం 25 శాతం ఎక్కువ. అంటే అతడు 25 శాతం ఎక్కువ గాలి బలాన్ని తట్టుకోగలడు. అయితే గాలి బలం దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అతడికి దక్కే లాభం గాలి వేగంలో దాదాపు 12 శాతమే. మొదటివాడు 15 నాట్ల గాలిలో తెరచాప వదులు చేయక తప్పకపోతే, రెండోవాడు సుమారు 17 నాట్ల వరకు దానిని బిగించి ఉంచగలడు.

మరి బరువైనవాడే ఎప్పుడూ గెలవాలి కదా? ఆర్కిమిడీస్ ఒప్పుకోడు. అదనపు 20 కిలోలు మరో 20 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. గాలి మందగించిన రోజున లేజర్ వంటి తేలిక పడవ ఆ బరువుకు నీరసపడుతుంది.

అందుకే భారీకాయులకు ఫిన్ వరమయింది. 1949లో స్వీడన్‌కు చెందిన రికార్డ్ సార్బీ దీనిని రూపొందించాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో తన పడవనే నడిపి కాంస్యం గెలిచాడు కూడా! పొడవు 4.5 మీటర్లు, తెరచాప సుమారు 10 చదరపు మీటర్లు, పడవ బరువే 100 కిలోలకు పైన. దీని స్తంభానికి కట్టు తాళ్ళు ఉండవు. గాలి ఉధృతికి అదే వంగి తెరచాప పొట్టను తగ్గిస్తుంది. నావికుడి బరువుకు తగిన వంపు గల స్తంభాన్ని ఎంచుకోవచ్చు. లేజర్‌లో ఆ వీలు లేదు, స్తంభాలన్నీ ఒకే రకం.

ఒకప్పుడు ఫిన్ నావికులు బరువు కోసం తడి దుస్తులు మీద మీద తొడుక్కునేవారు. నడుములు పాడవుతుండటంతో దానికి నిబంధనలు హద్దు పెట్టాయి. డెన్మార్క్ వీరుడు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ ఇంట్లోనే బల్ల కట్టుకుని వెనక్కి వాలడం సాధన చేశాడు. 1952, 1956, 1960లలో ఫిన్‌లో స్వర్ణాలు అతడివే. బ్రిటన్‌కు చెందిన బెన్ ఐన్స్లీ 2000లో లేజర్ స్వర్ణం గెలిచి, తరువాత బరువు పెంచుకుని ఫిన్‌కు మారాడు. 2004, 2008, 2012లలో వరుసగా స్వర్ణాలు సాధించాడు. 2008 బీజింగ్‌లో మన దేశం తరఫున నచ్ఛత్తర్ సింగ్ జోహల్ ఫిన్ నడిపాడు.

2021లో జరిగిన టోక్యో పోటీలతో ఒలింపిక్స్‌లో ఫిన్ ముగిసింది. పురుషులకూ మహిళలకూ సమాన అవకాశాలివ్వడానికి పోటీల పట్టికను మార్చారు. ఆ ఉద్దేశం న్యాయమైనదే. కాని 95 కిలోల నావికుడికి ఇక మిగిలినది ఏమిటి? 2024 పారిస్‌లో పురుషులు ఒంటరిగా నడిపే డింగీ ఇల్కా 7 ఒక్కటే. అందులో రాణించేవారు సాధారణంగా 80 కిలోల చుట్టుపక్కల ఉంటారు. విష్ణు శరవణన్ మన దేశం తరఫున టోక్యోలోనూ పారిస్‌లోనూ పోటీపడినది ఈ పడవలోనే. ఎముకల నిర్మాణమే పెద్దదైన యువకుడు ఇందులో నెగ్గాలంటే కండరాన్ని కరిగించుకోవాలి. అది ఇష్టం లేనివారు ఒలింపిక్స్ ఆశ వదులుకుని, 1956లో మొదలైన ఫిన్ గోల్డ్ కప్ వంటి పోటీలలో తమ పడవను నడుపుకుంటున్నారు.